'ది ఆర్టిస్ట్' (2011): మూకీలకు నివాళా, మూకీ వేషమా?

తెరవెనుక_మనిషి
మొన్న ఆదివారం 'ది ఆర్టిస్ట్' మళ్ళీ చూశాను. 2012లో అయిదు ఆస్కార్లు వచ్చినప్పుడు అందరితోపాటు చూసి, 'బావుంది, ముచ్చటగా ఉంది' అని వదిలేశాను. ఈసారి తీరిగ్గా చూస్తే కొన్ని సంగతులు పట్టుకున్నాయి. ఇక్కడ పాత సినిమాలు చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, మీరేమంటారో విందామని ఈ థ్రెడ్.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1927 హాలీవుడ్. జార్జ్ వాలెంటిన్ మూకీల్లో తిరుగులేని హీరో. పెప్పీ మిల్లర్ ఎక్స్‌ట్రా వేషాలకొచ్చిన పిల్ల. టాకీ వచ్చింది. ఆమె మేడెక్కింది, ఈయన రోడ్డున పడ్డాడు. కథలో కొత్త ఏమీ లేదు. ఫ్రెంచి దర్శకుడు మిషెల్ హజనావిసియస్ ఈ కథని నలుపు తెలుపుల్లో, మాటల్లేకుండా, మధ్యమధ్య మాటలు రాసిన కార్డులు వేస్తూ తీశాడు. జార్జ్‌గా జాన్ దుజార్దిన్, పెప్పీగా బెరెనీస్ బెజో.

నన్ను పట్టుకున్నది మొదటి అయిదు నిమిషాలు. సినిమాలో సినిమా నడుస్తుంటుంది. శత్రువులు జార్జ్‌కి కరెంటు పెట్టి నిజం చెప్పమంటుంటారు. 'నేను మాట్లాడను! ఒక్క ముక్క కూడా చెప్పను!' అని కార్డు పడుతుంది. అప్పట్లో నవ్వి ఊరుకున్నాను. తీరా చూస్తే ఆయన జబ్బంతా అదే.

తర్వాత ఆ సినిమా అయిపోతుంది. జార్జ్ తెర వెనక నిలబడి జనం ఏమంటారా అని చూస్తుంటాడు. వాద్యాలు ఆగిపోతాయి. మనకి చప్పట్లు వినిపించవు. ఆయన మొహం మాత్రమే కనిపిస్తుంది. ఒక క్షణం బిగుసుకుని, తర్వాత పెదాలు విచ్చుకుంటాయి. అప్పుడు గాని జనాన్ని చూపించరు, హాలంతా లేచి చేతులు కొడుతూ ఉంటుంది. చప్పట్లని మనం ఆయన మొహంలో 'విన్నాం' అన్నమాట.

నా అనుమానం ఒకటే. ఇలాంటి చోట్ల సినిమా నిజంగా మూకీలా ఆలోచిస్తుంది. మిగతా చాలాచోట్ల మూకీ బట్టలు వేసుకున్న మామూలు సినిమాలా ఉంది. మీకేమనిపించింది?

వెన్నెల_టాకీస్
వేషమైనా నాకు నచ్చింది, ముందే చెప్తున్నా :)

మీరు కోటు సీను ఎలా మరిచిపోయారండీ? పెప్పీ ఎవరూ లేనప్పుడు జార్జ్ గదిలోకి వెళ్తుంది. స్టాండుకి ఆయన కోటు, పైన టోపీ తగిలించి ఉంటాయి. దగ్గరికెళ్ళి కాసేపు దాని మీద తల ఆనించి, తర్వాత తన కుడిచెయ్యి ఒక్కటీ ఆ కోటు చేతిలోకి దూర్చి, ఆ చేత్తోనే తన నడుం పట్టుకుంటుంది. ఒక్క మనిషే. కానీ చూసేవాళ్ళకి ఇద్దరు. ఆ వేళ్ళు నడుం మీద మెల్లిగా కదులుతుంటే అది ఆమె చెయ్యని తెలిసి కూడా మర్చిపోతాం. ఇంతలో జార్జ్ లోపలికొస్తాడు, ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంటుంది.

ఆ సీన్లో మాటలు పెట్టి చూడండి ఒకసారి. పాట పెట్టినా పాడైపోతుంది.

ఓరుగల్లు_పోరడు
నిజం చెప్తున్న అన్నా, కోపం చెయ్యకుర్రి. నాకైతే గా కుక్కనే హీరో. హీరో పండుకుంటే పండుకుంటది, 'బ్యాంగ్' అంటె పడిపోతది. ఇంటికి అగ్గి పడ్డప్పుడు ఉరికిపోయి పోలీసాయన ప్యాంటు గుంజుకొని తోల్కొస్తది చూడు, గదీ యాక్టింగంటే. మనోడు మధ్యల గంటసేపు బాధ పడుడే బాధ పడుడు. నడుమ నాకు నిద్రొచ్చింది.

వెన్నెల_టాకీస్
@ఓరుగల్లు_పోరడు ఆ కుక్క పేరు అగ్గీ, జాక్ రసెల్ టెర్రియర్. కాన్ ఫిల్మ్ ఫెస్టివల్లో కుక్కలకిచ్చే 'పామ్ డాగ్' కూడా కొట్టింది తెలుసా. దానికి కూడా ఆస్కార్ నామినేషన్ ఇవ్వాలని ఆన్‌లైన్‌లో ప్రచారం నడిపారు అప్పట్లో. నువ్వొక్కడివే కాదు తమ్ముడూ.

పాతరీలు
థ్రెడ్ మొదలుపెట్టినవారికి ధన్యవాదాలు. నేను రెండో పక్షం. వేషమే.

హజనావిసియస్ అంతకుముందు ఇదే దుజార్దిన్‌తో 'ఓఎస్ఎస్ 117' గూఢచారి సినిమాలు తీశాడు, పాత బాండ్ మార్కు సినిమాల్ని ఆటపట్టిస్తూ. అనుకరించడంలో ఆయన దిట్ట, ఒప్పుకుంటాను. కానీ దేన్ని అనుకరించాడో చూడండి. జార్జ్, ఆయన భార్య పొద్దున్న టిఫిన్ బల్ల దగ్గర రోజురోజుకీ దూరమయ్యే వరస 'సిటిజన్ కేన్' నుంచి. అది 1941. టాకీ వచ్చిన రోజుల కథ, పైకొచ్చే అమ్మాయి, 'సింగింగ్ ఇన్ ద రెయిన్' నుంచి. అది 1952. కాలం చెల్లిన తార తన పాత సినిమాలు తనే వేసుకు చూసుకోవడం 'సన్‌సెట్ బులెవార్డ్'. అది 1950. పతాక సన్నివేశంలో సంగీతం 'వెర్టిగో'ది, 1958. అన్నీ టాకీలే! మూకీలకి నివాళి అంటూ దండ తీసుకెళ్ళి టాకీల మెళ్ళో వేసొచ్చాడు.

అసలు 1927-28 నాటికి మూకీ ఎక్కడుందో చూడాలంటే 'సన్‌రైజ్' చూడండి. జర్మన్ దర్శకుడు మూర్నో తీసింది. ఆ వ్యక్తి వెన్నెల్లో బురదనేల దాటుకుంటూ ప్రియురాలి కోసం వెళ్ళే షాట్లో కెమెరా ఆయన వెనకే నడిచి, చెట్ల మధ్య దూరి, ఆయన్ని దాటిపోయి ముందు అక్కడికి చేరుతుంది. 'ది ఆర్టిస్ట్'లో కెమెరా ఎక్కడైనా అంత సాహసం చేసిందా? చూపించండి.

ఇంకోటి. మూకీలంటే నలుపు తెలుపు అనుకుంటున్నారు. ఆ రోజుల్లో చాలా ప్రింట్లకి రంగు అద్దేవారు. రాత్రి సీనుకి నీలం, దీపాల వెలుగుకి కాషాయం లాంటి పసుపు, మంటలకి ఎరుపు. జార్జ్ ఇల్లు తగలబడే సీన్‌ని 1927లో తీసుంటే ఎర్రగా కనిపించి ఉండేది.

కెమెరా_కన్ను
పాతరీలు గారూ, అద్దకం సంగతి నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ పనితనం దగ్గర కొంచెం కనికరించండి. నేను ఇదే లైన్లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

ఇది నలుపు తెలుపు ఫిల్ము మీద తీసింది కాదు. కోడాక్ కలర్ నెగటివ్ మీద తీసి తర్వాత రంగు తీసేశారు. కెమెరామన్ గియోమ్ షిఫ్‌మన్. 35 రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లోనే పూర్తి చేశారు. సెకనుకి 22 ఫ్రేములతో తీసి 24తో చూపించారు, అందుకే నడకలోనూ డాన్సులోనూ ఒక చిన్న చురుకు కనిపిస్తుంది. పాత సినిమాలు గబగబా పరిగెట్టినట్టు ఉంటాయే, అంత కాదు, అందులో పదో వంతు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. మూకీల కాలంలో కెమెరా చేత్తో తిప్పేవారు. ఒకరు సెకనుకి 16, ఒకరు 20, ఫైటింగ్ అయితే ఇంకా మెల్లగా తిప్పి తెర మీద వేగంగా వచ్చేలా చేసేవారు. హాల్లో ఆపరేటర్ తన ఇష్టం. 24 అన్న అంకె స్థిరపడింది శబ్దం వచ్చాకే, ఎందుకంటే బొమ్మ వేగం అటూఇటూ అయితే కన్ను సర్దుకుంటుంది గానీ గొంతు మారితే చెవి పట్టేస్తుంది. ఈ దర్శకుడు ఆ 22 ఎంచుకోవడం అంటే నడక దగ్గర్నుంచి ఆలోచించాడని.

ఫ్రేము కూడా పాతకాలపు, దాదాపు చదరం కొలతే, వెడల్పు ఎత్తుకి 1.33 రెట్లు. జూమ్ వాడలేదు. ఈ రోజుల్లో జూమ్ లేకుండా తియ్యమంటే మా వాళ్ళు ఏడుస్తారు.

తెరవెనుక_మనిషి
పాతరీలు గారి లిస్టుకి ఎదురు చెప్పలేను, అన్నీ ఉన్నవే. కానీ నాకు ఇంకోలా తోస్తోంది. ఈ సినిమా మూకీ గురించి కాదేమో. శబ్దం గురించి. శబ్దం రావడమంటే ఏమిటో చెప్పడానికి మూకీని వాడుకున్నాడు.

కల సీను గుర్తు చేసుకోండి. స్టూడియోవాళ్ళు టాకీ పరీక్ష రీలు చూపిస్తే జార్జ్ నవ్వి వెళ్ళిపోతాడు. తర్వాత మేకప్ గదిలో గ్లాసు బల్ల మీద పెడతాడు. 'టక్' మని చప్పుడు. అప్పటికి అరగంట సినిమా అయింది, మనం విన్న మొదటి నిజమైన చప్పుడు అది. ఆయనా ఉలిక్కిపడతాడు, మనమూ. మళ్ళీ ఎత్తి పెడతాడు. మళ్ళీ టక్. దువ్వెన పడుతుంది, కుర్చీ కిర్రుమంటుంది, కుక్క మొరుగుతుంది, ఫోను మోగుతుంది. అద్దంలో చూసుకుని అరుస్తాడు, ఆయన గొంతు ఒక్కటే రాదు. బయటికి పరిగెడితే అమ్మాయిలు పకపకా నవ్వుతుంటారు. పైనుంచి ఒక ఈక తేలుతూ తేలుతూ వచ్చి నేలని తాకుతుంది, బాంబు పడ్డంత మోత.

1927లో ఎవరూ ఈ సీన్ తియ్యలేరు. అప్పటివాళ్ళకి నిశ్శబ్దం అలవాటు, మనకి శబ్దం అలవాటు. ఈ సీన్ పనిచేసేది మన చెవుల మీద. అందుకే అనుకరణ అన్న మాట నాకు సరిపోవట్లేదు.

చివర్లో తుపాకీ సీను కూడా అంతే. తుపాకీ నోట్లో పెట్టుకుంటాడు. పెప్పీ కారు నడపడం రాకపోయినా నడుపుకుంటూ వస్తుంటుంది. 'బ్యాంగ్!' అని కార్డు. చచ్చాడనుకుంటాం. తీరా చూస్తే ఆమె కారు చెట్టుకి గుద్దుకున్న చప్పుడు. శబ్దం ఉన్న సినిమాలో ఈ మోసం కుదరదు, రెండు చప్పుళ్ళూ వేరు కదా.

పాతరీలు
'బ్యాంగ్' కార్డు తెలివైనదే. ఒప్పుకున్నా. రెండు తెలివైన సీన్లకి ఉత్తమ చిత్రం ఇస్తారా?

స్వరాల_సుబ్బడు
ఆ 'రెండు తెలివైన సీన్ల' రెండోదాని కింద మోగేది ఎవరి సంగీతమో కూడా మాట్లాడుకోవాలి కదండీ. బెర్నార్డ్ హెర్మన్ 'వెర్టిగో'కి చేసిన ప్రేమ ఘట్టం సంగీతం. చిన్న ముక్క కాదు, నిమిషాల తరబడి. 'వెర్టిగో' హీరోయిన్ కిమ్ నోవాక్‌కి ఒళ్ళు మండిపోయి 2012 జనవరిలో వెరైటీ పత్రికలో పెద్ద ప్రకటన వేసింది, తన మీద అఘాయిత్యం జరిగినట్టు ఉందన్నంత మాట అంది. దర్శకుడు ఇది సినిమాకి రాసిన ప్రేమలేఖ అన్నాడు. హక్కులు కొనుక్కునే వాడారు, టైటిల్స్‌లో పేరూ వేశారు.

నేను సంగీతం మనిషిని, అయినా ఈ విషయంలో దర్శకుడి పక్షమే. ఎందుకో చెప్తాను. మూకీల కాలంలో ఊరూరా హాల్లో ఒక పియానో ఆయనో, ఆర్గన్ ఆయనో, పెద్ద ఊరైతే పూర్తి ఆర్కెస్ట్రానో ఉండేవారు. వాళ్ళకి స్టూడియో నుంచి క్యూ షీట్లు వచ్చేవి: ఇక్కడ హీరోయిన్ ఏడుస్తుంది, ఫలానా రాగం నాలుగు వరసలు, ఇక్కడ గుర్రాలు, ఫలానా ముక్క అని. వాటిల్లో సగం ఎవరెవరివో పాత సంగీతాలే. ప్రతి హాల్లోనూ ఇంకొకళ్ళ సంగీతం అరువు తెచ్చి బొమ్మ కింద వాయించారు. అంచేత హెర్మన్‌ని తెచ్చి పెట్టుకోవడమే ఈ సినిమాలో అచ్చమైన మూకీ పద్ధతి :)

నాకు అభ్యంతరం వేరే చోట. మధ్యలో 'పెన్నీస్ ఫ్రమ్ హెవెన్' పాట వస్తుంది, రోజ్ మర్ఫీ గొంతుతో. అది 1936 పాట. కథ 1932లో అయిపోతుంది! పైగా మూకీలో గొంతు. లుదోవిక్ బూర్స్ అంత చక్కగా చేశాడు, బ్రసెల్స్ ఫిల్‌హార్మోనిక్ వాయించింది, ఆస్కార్ కూడా వచ్చింది. ఆ కాసేపు కూడా ఆయన్నే చెయ్యనివ్వాల్సింది.

హాళ్ళలో వాయించే ఆ మనుషుల సంగతి మాత్రం సినిమాలో ఎక్కడా రాదు. టాకీ వచ్చాక వేలమంది ఉద్యోగాలు పోయాయి. అమెరికాలో వాళ్ళ సంఘం 1930 ప్రాంతంలో పేపర్లలో ప్రకటనలు వేసింది, డబ్బా సంగీతం వద్దు, మనిషి వాయించేది కావాలి అని. ఆ బొమ్మల్లో ఒక మరమనిషి వాయిద్యం వాయిస్తూ ఉండేది. ఇప్పుడు చూస్తే ఎక్కడో విన్న గోలలా లేదూ? జార్జ్‌కి పెప్పీ ఉంది, వాళ్ళకెవరున్నారు.

ఓరుగల్లు_పోరడు
సుబ్బన్నా గా చివరి లైను మస్తు గుచ్చింది.

ఎల్ఏలో_ఏలూరు
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. నేనుండేది లాస్ ఏంజెలెస్‌లో, ఆఫీసు డౌన్‌టౌన్. సినిమాలో మెట్ల సీను తీసిన బ్రాడ్‌బరీ బిల్డింగ్ మా ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దూరం. 1893 నాటి కట్టడం. బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు, మామూలు ఇటుక మేడ. లోపలికెళ్ళి తలెత్తితే పైకప్పంతా అద్దం, వెలుగు అయిదంతస్తులూ దిగి కింద దాకా వస్తుంది. నల్ల ఇనప అల్లికల కటకటాలు, పంజరంలాంటి పాత లిఫ్టులు. 'బ్లేడ్ రన్నర్' తీసింది కూడా ఇక్కడే. మనలాంటి వాళ్ళని మొదటి మలుపు దాకానే ఎక్కనిస్తారు, పైన ఆఫీసులు.

అక్కడ నిలబడితే దర్శకుడు ఆ చోటు ఎందుకు పట్టుకున్నాడో తెలుస్తుంది. కెమెరా ఎదురుగా దూరంగా పెట్టి అంతస్తులన్నీ ఒకేసారి చూపిస్తాడు. మనుషులు చీమల్లా ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఉద్యోగం పోయిన జార్జ్ దిగుతుంటాడు, కొత్త కాంట్రాక్టు చేతికొచ్చిన పెప్పీ ఎక్కుతుంటుంది. మధ్యలో కలుస్తారు. మాట్లాడుకుంటున్నంతసేపూ ఆమె పై మెట్టు మీద, ఈయన కింది మెట్టు మీద. పాతరీలు గారూ, కెమెరా సాహసం కాకపోవచ్చు, కానీ కథంతా ఒక్క ఫ్రేములో పెట్టాడు. కార్డు లేకపోయినా అర్థమవుతుంది.

ఎదురు రోడ్డు దాటితే మిలియన్ డాలర్ థియేటరు, సిడ్ గ్రౌమన్ 1918లో కట్టించాడు. మూకీల కోసం కట్టిన రాజభవనం.

ఇంకో ముచ్చట. సినిమాలో పెప్పీ ఇల్లుగా చూపించింది మేరీ పిక్‌ఫర్డ్ ఒకప్పుడు నిజంగా ఉన్న ఇల్లు. జార్జ్ ఒంటరిగా కూర్చుని వేసుకు చూసే పాత సినిమా డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 'ది మార్క్ ఆఫ్ జోరో' (1920), దగ్గరి షాట్లలో మాత్రం దుజార్దిన్‌ని పెట్టారు. ఫెయిర్‌బ్యాంక్స్, పిక్‌ఫర్డ్ నిజ జీవితంలో మొగుడూ పెళ్ళాలు. అంటే జార్జ్‌కి ఆయన సినిమా, పెప్పీకి ఆవిడ ఇల్లు. తెలిసినవాళ్ళకి తెలుస్తుందిలే అని ఊరుకున్నాడు దర్శకుడు.

వెన్నెల_టాకీస్
వావ్, ఆ ఇంటి సంగతి నాకు తెలీదు!

జార్జ్‌కి మూలం ఫెయిర్‌బ్యాంక్స్ మీసం, నవ్వు అయితే, పతనం మాత్రం జాన్ గిల్బర్ట్‌ది. గ్రేటా గార్బోతో జంటగా వెలిగిన హీరో. 1929లో మొదటి టాకీల్లో ఒకదానిలో ఆయన పదేపదే ప్రేమిస్తున్నానంటుంటే హాల్లో జనం నవ్వారు. గొంతు కీచుగా ఉందని పుకారు పుట్టింది. ఆ గొంతు ఇప్పుడు వింటే మామూలుగానే ఉంటుంది. డైలాగులు చెత్త, పైగా స్టూడియో పెద్ద లూయీ మేయర్‌తో ఆయనకి పడదు. తర్వాత 1933లో 'క్వీన్ క్రిస్టినా'కి గార్బో పట్టుబట్టి ఆయన్నే హీరోగా పెట్టించింది. పెప్పీ స్టూడియో ఓనరు ముందు కూర్చుని 'ఆయనుంటేనే నేను' అనే సీను ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైందా? కానీ నిజంలో డాన్సుతో సుఖాంతం కాలేదు. గిల్బర్ట్ తాగి తాగి 1936లో పోయాడు, నలభై కూడా నిండలేదు.

మన దేశంలో కూడా ఇలాంటిది ఉంది. సులోచన పేరుతో నటించిన రూబీ మేయర్స్, బొంబాయి మూకీల్లో పెద్ద తార. దేశంలో మొదటి టాకీ 'ఆలం ఆరా' (1931) వచ్చేసరికి ఆవిడకి హిందుస్తానీ సరిగ్గా రాదు. కొంతకాలం నటన ఆపి భాష నేర్చుకుని, తను మూకీలో చేసిన 'మాధురి'నే టాకీగా చేసి 1932లో తిరిగొచ్చింది. జార్జ్‌లా ఇంట్లో కూర్చుని తాగలేదు. నాకు ఆవిడ కథ సినిమాగా కావాలి.

తెరవెనుక_మనిషి
వెన్నెల గారూ, దీనికే ఇంకోటి కలపండి. సినిమా చివర్లో జార్జ్ మొదటిసారి నోరు విప్పుతాడు. డాన్సు అయ్యాక 'ఇంకోసారి చెయ్యగలరా' అంటే 'విత్ ప్లెజర్' (సంతోషంగా) అంటాడు, అచ్చం ఫ్రెంచి యాసతో. ఆ రెండే మాటలు. ఇంతసేపూ ఎందుకు మాట్లాడనన్నాడో అక్కడ తెలుస్తుంది. అహంకారం అనుకున్నాం, భయం కూడా ఉంది.

మొట్టమొదటి ఆస్కార్ ఉత్తమ నటుడు ఎవరో చూడండి. ఎమిల్ జానింగ్స్, జర్మన్ యాస మనిషి. 1929లో బహుమతి వచ్చింది, అదే ఏడాది టాకీల దెబ్బకి జర్మనీ తిరిగెళ్ళిపోయాడు. మూకీలకి దేశం లేదు. కార్డులు మారిస్తే చాలు, ఎక్కడైనా ఆడేది. ఎనభై మూడేళ్ళ తర్వాత ఫ్రెంచి యాసతో ఇంగ్లీషులో రెండు ముక్కలు పలికిన దుజార్దిన్‌కి అదే బహుమతి ఇచ్చారు. ఫ్రాన్స్ నటుడికి అది రావడం అదే మొదలు.

పాతరీలు
జానింగ్స్ పోలిక బాగుంది. ఇలా మాట్లాడితే నేను మెత్తబడిపోతాను.

ఒక్క సీన్ విషయంలో మాత్రం ఈ సినిమా నన్నూ కదిలించింది. జార్జ్ తన రీళ్ళన్నీ డబ్బాల్లోంచి లాగి అగ్గిపుల్ల గీస్తాడు. అది కల్పన కాదు. ఆ ఫిల్ము నైట్రేటు, గుప్పున అంటుకుంటుంది, నీళ్ళు పోసినా ఆరదు. నిజంగా తగలబెట్టినవాడు ఉన్నాడు: జార్జ్ మెలియెస్. చంద్రుడి కంట్లో రాకెట్ దించినాయన. దివాలా తీసి 1923లో తన నెగటివ్‌లు తనే తగలబెట్టాడు. యుద్ధకాలంలో ఆయన ప్రింట్లు కొన్ని కరిగించి సైనికుల బూట్ల మడమలు చేశారు. తర్వాత పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్లో బొమ్మల దుకాణం పెట్టుకుని కూర్చున్నాడు.

తమాషా చూడండి, ఆ మెలియెస్ కథతో స్కోర్సీసీ 'హ్యూగో' తీసింది కూడా అదే 2011లో. అమెరికావాడు ఫ్రెంచి మూకీకి దణ్ణం పెట్టాడు, ఫ్రెంచివాడు అమెరికా మూకీకి. ఇద్దరికీ చెరో అయిదు ఆస్కార్లు. ఒకటి త్రీడీలో, ఒకటి మాటల్లేకుండా.

'ది ఆర్టిస్ట్'లో జార్జ్ ఆ మంటల్లో ఒక్క డబ్బా మాత్రం గుండెకి హత్తుకుని పడిపోతాడు. పెప్పీ తర్వాత విప్పి చూస్తే, అది వాళ్ళిద్దరూ తొలిసారి కలిసి డాన్సు చేసిన షాట్లు. ఒక టేకు పాడయ్యింది, ఇంకోటి పాడయ్యింది, నవ్వుకుంటూ మళ్ళీ మళ్ళీ తీసినవి. అమెరికాలో తీసిన మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం ఇప్పుడు లేవు. మన దేశంలో 1300కి పైగా తీస్తే, ముక్కా చెక్కా కలిపి ముప్పై దాకా మిగిలాయి. రఘుపతి ప్రకాశ్ మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) ఒక్క అడుగు కూడా మనకి లేదు. ఆయన తండ్రి రఘుపతి వెంకయ్య నాయుడు గారి పేరు మీద అవార్డు పెట్టుకున్నాం, ఆ ఇంట్లోంచి వచ్చిన సినిమా ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు.

మూకీయే కాదు, మన తెలుగు మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా పోయింది కదా. హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో తీసింది, సురభి వాళ్ళు చేసింది.

దక్షిణాది మూకీల్లో 'మార్తాండవర్మ' చేతికి దొరికింది, అది కూడా ఎలా? నవల హక్కుల మీద పుస్తకాల వాళ్ళు కోర్టుకెళ్తే సినిమా ఆగిపోయి, ప్రింటు వాళ్ళ గోడౌన్లో పడి ఉండిపోయింది. 1974లో పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి చేరింది. చక్కగా ఆడిన సినిమాలన్నీ అరిగిపోయి, వెండి కోసం కరిగిపోయి పోయాయి. కేసు పడ్డది మిగిలింది.

కెమెరా_కన్ను
గోడౌన్ జిందాబాద్.

ఓరుగల్లు_పోరడు
మీరందరు ఫ్రాన్స్, అమెరికా తిరుగుతున్నరు గని, మనోడు సింగీతం సార్ 1987లనే 'పుష్పక విమానము' తీసిండు గదా. కమల్ హాసన్, అమల. ఒక్క డైలాగు లేదు. కార్డులు సుత లేవు. నేను నా పదో తరగతిల టీవీల చూసిన, ఇంటిల్లిపాది నవ్విన్రు. గది మూకీ కాదా? దానికెందుకు ఇయ్యలే ఆస్కారు?

తెరవెనుక_మనిషి
తమ్ముడూ మంచి చోట పట్టావు. కానీ అది మూకీ కాదు, మాటల్లేని టాకీ. శబ్దం నిండా ఉంటుంది అందులో. ఆ హీరో ఉండే గది సినిమా హాలు పక్కన, రోజూ ఆ ఫైటింగుల మోతలోనే నిద్ర అలవాటు. పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకుంటే నిద్ర రాదు, బొత్తిగా చప్పుడు లేదు. పాత గది దగ్గరికొచ్చి ఆ మోతంతా టేపులో రికార్డు చేసుకెళ్ళి, హోటల్లో పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. ఎల్. వైద్యనాథన్ సంగీతం.

జార్జ్‌ని శబ్దం నిద్రపోనివ్వదు, కమల్‌ని నిశ్శబ్దం నిద్రపోనివ్వదు. ఆ సినిమాలో ఎవరూ మూగవాళ్ళు కారు, మాట్లాడాల్సిన అవసరం రాకుండా సన్నివేశాలు కట్టాడంతే. ఒకరకంగా సింగీతం గారిది ఎక్కువ కష్టం, పాతకాలం అన్న సాకు కూడా లేదు. పనిలో పని, చూడనివాళ్ళుంటే ముందు అది చూడండి, తర్వాత 'ది ఆర్టిస్ట్'.

పాతరీలు
ఈ ఒక్క విషయంలో ఓరుగల్లు తమ్ముడికే నా ఓటు. 'పుష్పక విమానము' నివాళి అని బోర్డు పెట్టుకోలేదు. అందుకే అందులో కొత్తదనం ఉంది. 'ది ఆర్టిస్ట్' అందంగా ఉంది, ముద్దొస్తుంది, కానీ దాని చూపంతా వెనక్కే. మొదటి ఆస్కార్ల రోజున రెండు పెద్ద బహుమతులిచ్చారు, 'వింగ్స్'కి ఒకటి, 'సన్‌రైజ్'కి ఒకటి. మళ్ళీ మూకీకి ఇచ్చింది 2012లోనే అని అందరూ రాశారు. ఆ రెంటి పక్కన దీన్ని నిలబెట్టడానికి నాకు చెయ్యి రాదు.

తెరవెనుక_మనిషి
మీరు మెత్తబడతారనుకున్నాను :) ఆ గ్లాసు చప్పుడు కోసం నేను ఇస్తాను గురువుగారూ. మిగతాది మీకే వదిలేస్తున్నా.

స్వరాల_సుబ్బడు
ఒక వార్త గుర్తొచ్చింది. ఇంగ్లండులో లివర్‌పూల్‌లో కొందరు ఈ సినిమా మధ్యలో లేచొచ్చి డబ్బులు వాపసు అడిగారట, మాటల్లేవని మాకు ముందు చెప్పలేదు అని. జార్జ్ తీసిన మూకీకి 1929లో జనం రాకపోవడం కల్పన, ఇది నిజం.

బొబ్బిలి_అమ్మాయి
చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా అత్తయ్యగారికి డెబ్బై దాటాయి, ఇంగ్లీషు రాదు. ఆవిడకి చూపిద్దామని ఉంది. కార్డులు అర్థమవుతాయా? మా టీవీలో పాత సినిమాలు పెడితే మనుషులు లావుగా సాగిపోయి కనిపిస్తారు, అదొకటి.

కెమెరా_కన్ను
స్వాగతమండీ. కార్డులు తక్కువే, మీరు పక్కన కూర్చుని ఒక్కో ముక్క చెప్తే చాలు. ఆ రోజుల్లో మన హాళ్ళలోనూ ఎవరో ఒకరు నిలబడి చదివి చెప్పేవారు.

టీవీ సంగతి: పిక్చర్ సెట్టింగ్స్‌లో 'వైడ్', 'స్ట్రెచ్' లాంటిది ఉంటే తీసేసి 4:3 గానీ 'ఒరిజినల్' గానీ పెట్టండి. రెండు పక్కలా నల్లగా వస్తుంది, అది అలాగే ఉండాలి. 'మోషన్ స్మూతింగ్' పేరుతో ఒకటి ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది, అదీ ఆపెయ్యండి. లేకపోతే ఆ 22 ఫ్రేముల కష్టమంతా సీరియల్‌లా కనిపిస్తుంది. ఇంకో మాట, అరగంట దగ్గర గ్లాసు సీను వచ్చేముందు సౌండు కొంచెం పెంచి ఉంచండి. అత్తయ్యగారికి మాత్రం ముందు చెప్పకండి.

ఓరుగల్లు_పోరడు
కుక్క గురించి గూడ చెప్పకుర్రి అక్కా.

బొబ్బిలి_అమ్మాయి
సరేనండీ, శనివారం పెడతాను. ఆవిడేమన్నారో ఇక్కడే రాస్తాను.